గోడ నీకు, బంతి నాకు

ఒక ఇంటిని బతికించడానికి దాన్ని ఎంతదాకా మార్చొచ్చు? ఏ గీత దాటితే అది వేరే ఇల్లయిపోతుంది? ఈ ప్రశ్న నాతో చాలా ఏళ్ళుగా ఉంది. మొన్న మాఘమాసంలో ఒక మధ్యాహ్నం కాలేజీ స్టాఫ్ రూములో కూర్చుని ఉండగా బావ ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది" అన్నాడు. మళ్ళీ తనే, "బంతి లేచాకేలే. అందరూ భోంచేశారు" అన్నాడు.

ఆ రెండో మాట విన్నాకే నాకు ఏడుపొచ్చింది. తల్లి పోయిన కబురు చెబుతూ, ఇంటికొచ్చినవాళ్ళు తిన్నారని చెప్పడం కొందరికి వింతగా ఉండొచ్చు. మా అత్తయ్యని ఎరిగున్నవాళ్ళకి ఉండదు. ఆకుల ముందు మనుషులు కూర్చుని ఉండగా ఆవిడ ఎక్కడికీ వెళ్ళేది కాదు.

ఆవిడ మా నాన్నకి అక్క, నాకు మేనత్త. ఇలాంటివి రాసేటప్పుడు "గారు" చేర్చాలనీ, "అనేవారు, చేసేవారు" అనాలనీ తెలుసు. కానీ బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆవిడని మీరు అని పిలిచింది లేదు. ఇప్పుడు మొదలుపెడితే, "ఏమే, చచ్చిపోయానని దూరం పెట్టేస్తున్నావా?" అని అడుగుతుంది. అందుకని పాఠకులు మన్నించాలి.

రాజమండ్రికి కొంచెం ఎగువన, గోదావరి ఇవతలి గట్టు మీద మావయ్యకి ఒక మామిడితోట ఉండేది. కలప అడితి బాగా సాగిన రోజుల్లో, సెలవులకి జనం వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్ళేలా ఆ తోటలో విడిది కట్టించాడు. మధ్యలో టేకు స్తంభాలు, పెంకుల కప్పుతో ఒక పెద్ద భవనం. అందులో హాలు, వంటిల్లు, పడమటి పక్కన నది మీదకి తెరుచుకున్న పొడుగాటి వసారా. దాని చుట్టూ చెట్ల కింద ఆరు కాటేజీలు.

చిక్కల్లా పేర్ల దగ్గర వచ్చింది. లాడ్జి అనే మాట మావయ్యకి గిట్టదు. "లాడ్జీ అంటే మన వైపు ఏమనుకుంటారో తెలీదా? మర్యాదస్తులెవరైనా దిగుతారా?" అని, రోజుల తరబడి ఆలోచించి, అచ్చతెలుగులో ముద్దుగా ఉంటుందని మధ్య భవనానికి "పెద్దిల్లు" అనీ, కాటేజీలకి "చిన్నిళ్ళు" అనీ పెట్టాడు. రంగు బోర్డులు రాయించి వేలాడదీసి, గృహప్రవేశానికి ఊరందరినీ పిలిచాడు. వచ్చినవాళ్ళు బోర్డులు చదివి మొహాలు చూసుకున్నారు. పెద్దవాళ్ళు కండువాలు అడ్డం పెట్టుకున్నారు. అంత మర్యాదస్తుడు చేసిన పొరపాటు ఆయనకి తప్ప అందరికీ అర్థమైంది. ఆయనకి కూడా తెలిసేసరికి పాయసం వడ్డిస్తున్నారు. బోర్డులు దింపేస్తానని నిచ్చెన తెమ్మంటే అత్తయ్యే ఆపింది. "ఉండనీండి. దాచుకునేవాడు బోర్డు రాయించుకోడని అందరికీ తెలుసులెండి" అని, అక్కడున్న ఆడవాళ్ళ వైపు తిరిగి, "మా ఆయనకి ఆరు చిన్నిళ్ళండి. ఆరూ నేనే ఊడుస్తాను" అందిట.

ఆ మాట చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగింది. మనుషులు రావడానికి అదే మొదటి ప్రకటన అనుకుంటాను. తాడేపల్లిగూడెం నుంచి ఒక వ్యాపారి వచ్చి, హాల్లోంచి ఇంటికి ఫోన్ చేసి, "చిన్నింట్లోనే ఉన్నాను, హాయిగా ఉంది, ఇంకో రెండ్రోజులుంటాను" అన్నాడనీ, తెల్లారేసరికి ఆయన భార్య ఇద్దరు తమ్ముళ్ళని వెంటబెట్టుకుని మొదటి బస్సుకి దిగిందనీ అత్తయ్య చెప్పేది. కోపంతో వచ్చినావిడ వసారాలో కాఫీ తాగి, వారం ఉండి, అత్తయ్య దగ్గర పనసపొట్టు కూర నేర్చుకుని వెళ్ళిందట. ఇది జరిగిందో అత్తయ్య అల్లిందో నాకు తెలీదు. చెప్పినప్పుడల్లా తమ్ముళ్ళ సంఖ్య మారేది.

అత్తయ్యకి ఒక మాట ఉండేది. మన వైపు ఎవరైనా ఊరొస్తే "ఎక్కడ దిగారండీ?" అని అడుగుతాం కదా. ఆవిడ ఆ దిగడం దగ్గర చాలా పట్టింపు మనిషి. "సామాను దిగితే అయిపోదే. మనిషి దిగాలి" అనేది. కారు దిగి, తాళం తీసుకుని, గదిలో పడుకుని కూడా ఇంకా దిగనివాళ్ళుంటారట. ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగాను. "చెప్పుల్లేకుండా బయటికొచ్చిననాడు దిగినట్టు" అంది. వసారాలో తన పీటమీద కూర్చుని కూరగాయలు తరుగుతూ, వచ్చేపోయేవాళ్ళ పాదాల వంక చూసేది. ఎవరైనా ఉత్తికాళ్ళతో మెట్లు దిగితే, నా వైపు తిరిగి కనుబొమలెగరేసేది. దిగారు అని.

చుట్టరికం కలపడం మరో అలవాటు. ఎవరొచ్చినా "మీదే ఊరండీ?" అని మొదలుపెట్టి, నాలుగో మాటకల్లా తన తోటికోడలి పుట్టింటి దగ్గరకో, పెదనాన్నగారి వియ్యపురాలి దగ్గరకో చేర్చేసేది. ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన పుట్టుపూర్వోత్తరాలన్నీ వేరే రాష్ట్రంవి. ఆవిడ చాలాసేపు ప్రయత్నించి, చివరికి, "పోనీ మీరు రైల్లో మన బ్రిడ్జి మీంచే వచ్చారు కదండీ, చాల్లెండి" అంది.

మావయ్య తొంభైల మధ్యలో పోయాడు. అప్పటికే అడితి మూతపడింది. ఒక తుపానుకి పెద్దింటి పెంకులు ఎగిరిపోతే సగానికి రేకులు వేయించారు. హాల్లో ఒక స్తంభానికి చెదలు పట్టింది. జనానికి ఏసీ గదులు అలవాటైపోయి రాజమండ్రి హోటళ్ళలోనే దిగుతున్నారు. పాపికొండలు చూడ్డానికి వెళ్ళే లాంచీలు మా గట్టు ముందునుంచే పోయేవి. అందులోవాళ్ళు చేతులూపేవారు, అత్తయ్య కూడా ఊపేది. "ఊపడానికేం, దిగమను" అని బావ విసుక్కునేవాడు. వంటిల్లు చూసే దంపతులకీ, తోటమాలికీ వేరే ఆధారం లేదు. పెద్దిల్లు మూసేయాల్సి వస్తే వాళ్ళెక్కడికి వెళ్తారన్నదే అత్తయ్య బెంగ. మూసేస్తే తనెక్కడికి వెళ్తుందో మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఒక ఆదివారం మా అందరినీ పిలిచి, అరటికాయ బజ్జీలు ముందు పెట్టి, "తినండి, తిని ఆలోచనలు చెప్పండి. పెద్దిల్లు మళ్ళీ నిండాలి. తిన్నదానికి తగ్గట్టు ఉండాలి ఆలోచన" అంది.

బావ దగ్గర ఆలోచన తయారుగానే ఉంది. నది వైపు వసారా మొత్తం మూసేసి, వరసగా ఏసీ గదులు కట్టడం. కిటికీ తీస్తే గోదావరి. "జనం డబ్బిచ్చేది నదికేనే అమ్మా. ఆ నదిని నువ్వు వసారాలో ఊరికే పంచిపెడుతున్నావు" అన్నాడు.

"ఊరికే ఉన్నదాన్ని ఊరికే పంచకపోతే ఏం చేస్తాం రా?" అంది అత్తయ్య.

నేను యూనివర్సిటీలో చదువుకున్నాను, కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. కాబట్టి నా వంతుకి అందరూ బజ్జీలు ఆపి చూశారు. హాల్లో చిన్న గ్రంథాలయం పెడదామన్నాను, గోడలకి గోదావరి చరిత్ర చెప్పే బొమ్మల బోర్డులు పెడదామన్నాను. అత్తయ్య శ్రద్ధగా విని, "గోదారి గురించి బోర్డా? గోదారి ఎదురుగా?" అని అడిగింది. బావ ఇప్పటికీ నన్ను "బోర్డు మేడమ్" అంటాడు. మరి వసారా మూయాలా వద్దా అని నన్నడిగారు. మూస్తే ఏమవుతుందో చెప్పాను, మూయకపోతే ఏమవుతుందో చెప్పాను. అత్తయ్య నవ్వేసింది. "ఇది మా తమ్ముడి కూతురే. వాడూ అంతే, సంతకెళ్ళి వంకాయల రెండు బుట్టలూ మెచ్చుకుని ఉత్తి సంచీతో వచ్చేవాడు."

ఆ రోజుల్లో వాస్తు పిచ్చి ఎలా ఉండేదో గుర్తుండే ఉంటుంది. గోదావరి జిల్లాల్లో గుమ్మం మార్చని ఇల్లు, గోడ కొట్టని ఇల్లు లేదేమో. బావ ఒక సిద్ధాంతిగారిని తీసుకొచ్చాడు. నిజంగా నమ్మే తీసుకొచ్చాడో, వసారా మూయించడానికి తోడు తెచ్చుకున్నాడో ఇప్పటికీ చెప్పడు. సిద్ధాంతిగారు చుట్టూ తిరిగి, పడమర పల్లంగా, తెరిపిగా ఉండకూడదనీ, అటు ఏకంగా నదే ఉందనీ, ఇంటికి కలిసిరాకపోవడానికి అదే కారణమనీ తేల్చారు.

"అయితే ఏం చేద్దామండీ? గోదారిని తూర్పుకి జరపమంటారా?" అంది అత్తయ్య.

"జరపక్కర్లేదమ్మా. అటు గోడ కట్టేసి, నట్టింట్లోంచి కనబడకుండా చేస్తే చాలు."

"కనబడకపోతే లేనట్టేనా అండీ?"

"శాస్త్రప్రకారం అంతేనమ్మా."

అత్తయ్య చేతిలో చాట కింద పెట్టింది. "మా ఆయన నాకు కనబడక మూడేళ్ళయిందండి. లేరని నేనింకా అనుకోలేదు" అంది.

సిద్ధాంతిగారు కూడా మంచి మనిషే. ఇంకేం వాదించకుండా, కాసిని మజ్జిగ ఇప్పించమని అడిగి, తాగి వెళ్ళిపోయారు. దాంతో వసారా గొడవ తీరిపోయిందనే అనుకున్నాం. గోడ పడదంటే పడదు. అలాంటి మనిషి ఆర్నెల్లు తిరక్కుండా తనే మేస్త్రీని పిలిచి గోడ కట్టమంది. ఎందుకన్నది చెప్పాలంటే పూతరేకుల సంగతి చెప్పాలి.

అది అత్తయ్య సొంత ఆలోచన. ఆత్రేయపురం నుంచి పూతరేకులు చేసే ఆవిణ్ణి పిలిపించి, వచ్చినవాళ్ళ కళ్ళముందు వసారాలో చేయిస్తే జనం వస్తారని. దసరా సెలవులు. ఉన్న రెండు మూడు కుటుంబాలతోబాటు రాజమండ్రి నుంచి తెలిసినవాళ్ళూ వచ్చారు. ఆత్రేయపురం ఆవిడ కుండ దింపుతూనే నాలుగు వైపులా చూసి, "ఇక్కడ కుదరదండి. గాలి లేని గది ఇప్పించండి" అంది.

"గాలి లేని గదిలో ఎవరు కూర్చుని చూస్తారమ్మా? ఇక్కడైతే నదీ ఉంటుంది, రేకూ ఉంటుంది" అంది అత్తయ్య.

"నది ఉంటదండి. రేకే ఉండదు."

"చూద్దాంలే, కానీ."

"ఆయ్, అలాగేనండి" అని ఆవిడ కుండ బోర్లించి, కింద మంట పెట్టి, పలచటి పిండిలో ముంచిన గుడ్డ కుండమీద ఒక్కసారి పరిచి తీసింది. కాగితం కంటే పలచటి పొర లేచింది. అందరూ అబ్బా అన్నారు. అనడం పూర్తయ్యేలోపే గోదావరి మీంచి గాలొచ్చింది. ఆ పొర గాల్లో తేలి వెళ్ళి ఒక రిటైరైన హెడ్మాస్టరుగారి బట్టతలకి అతుక్కుంది. రెండోది మామిడిచెట్టెక్కింది. మూడోది ఎవరి పాప నోట్లోకో సరాసరి వెళ్ళింది. ఆత్రేయపురం ఆవిడ పమిట అడ్డం పెట్టుకుని నవ్వుతూ, "మీరు పైకి విసరమంటే విసురుతానండి, పట్టుకున్నోళ్ళకి పట్టుకున్నంత" అంది.

అత్తయ్యకి రోషమొచ్చింది. లారీల మీద కప్పే పెద్ద పట్టాలు తెప్పించి, వసారా పడమటి పక్కంతా పైనుంచి కిందకి కట్టించేసింది. ఆ వసారా పుట్టాక నది కనబడకుండా అయ్యింది అదే మొదటిసారి. లోపల మసకగా, వెచ్చగా, నెయ్యి వాసనగా ఉంది. అప్పటిదాకా ఎవరి కుటుంబం వాళ్ళు ఎవరి స్తంభం దగ్గర వాళ్ళు కూర్చున్నవాళ్ళు కుండ చుట్టూ దగ్గరకి జరిగారు. హెడ్మాస్టరుగారు తన తలమీది రేకు కథ తనే చెప్పారు. నవ్వులు మొదలయ్యాయి. ఎవరో పొడి బెల్లం అద్దారు, ఎవరో మడతలు పెట్టడం నేర్చుకున్నారు, ఎవరి పిల్లలు ఎవరి ఒళ్ళో ఉన్నారో తెలీలేదు.

అత్తయ్య గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. నేను పక్కనే ఉన్నాను. మెల్లిగా అంది: "చూశావే? ఇన్నేళ్ళూ వసారాలో వరసగా కుర్చీలేశాను. అందరూ నది వంకే చూశారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు."

ఆ మాట నేను సరిగ్గానే విన్నాను. దాన్ని ఎలా తీసుకోవాలన్నదే ఈనాటికీ నాకు తెగని లెక్క.

వారం తిరక్కుండా బావని పిలిచింది. నేనూ ఉన్నాను.

"వసారా నువ్వన్నట్టే మూసెయ్. గదులు కట్టుకో. ఏసీ పెట్టుకో. కానీ ఒకటి. ఏ గదిలోకీ పళ్ళెం వెళ్ళకూడదు. టిఫినూ, భోజనమూ అందరూ ఈ హాల్లోకొచ్చి బంతిలో కూర్చుని తినాలి. వరస తప్పకూడదు, ఎవరి పక్కన ఖాళీ ఉంటే వాళ్ళ పక్కన."

"ఈ రోజుల్లో ఎవరొస్తారే అమ్మా అలా? రూమ్ సర్వీస్ లేదంటే తిట్టిపోతారు."

"గోడ నీకు, బంతి నాకు. ఒప్పుకుంటే ఒప్పుకో, లేదంటే పద, పట్టాలు విప్పించు."

ఒప్పుకున్నాడు. మేస్త్రీ వచ్చాడు. గోడ లేచిన ఆ రెండు వారాలూ అత్తయ్య మా ఇంట్లోనే, రాజమండ్రిలో ఉంది. పంటినొప్పని వచ్చింది. డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళలేదు.

మొదటి ఏడాదంతా బంతి దగ్గర తగవులే. ఒకసారి ఖరీదైన కారులో వచ్చినాయన పొద్దున్నే హాల్లోకొచ్చి, "రూమ్ సర్వీస్ లేదాండీ మీకు?" అని గట్టిగా అడిగారు.

"ఉందండి. మీరు రూములోంచి రావడమే" అంది అత్తయ్య.

"జోకులొద్దండి. మా ఆవిడ గదిలోనే తింటానంటోంది."

"జొరమొచ్చిందా అండీ? జొరమొస్తే జావ గదికే పంపిస్తాం. ఉప్పేసి."

"జ్వరమేం లేదు!"

"మరింకేం, తీసుకురండి. పెసరట్టు చల్లారితే ఉప్మా కూడా దాన్ని ఒప్పుకోదు."

ఆయన గొణుక్కుంటూ వెళ్ళి భార్యని తీసుకొచ్చారు. ఆవిడ వరసలో కాకినాడ నుంచి వచ్చిన ఒక టీచరమ్మ పక్కన కూర్చుంది. ఆ టీచరమ్మ దగ్గర ఈవిడ చెల్లెలు చదువుకుందని అల్లం పచ్చడి వడ్డించే లోపల తేలింది. మధ్యాహ్నం ఆ ఇద్దరూ చెప్పుల్లేకుండా తోటలో తిరుగుతున్నారు. అత్తయ్య నా వైపు చూసి కనుబొమలెగరేసింది.

పెద్దిల్లు నిండింది. మరుసటి వేసవికల్లా ముందే ఫోన్ చేయనిదే గది దొరకని రోజులొచ్చాయి. వంటిల్లు చూసే దంపతులకి సాయానికి ఇంకో ఇద్దరు వచ్చారు. ఏసీ గదుల వల్లేనని బావ, బంతి వల్లేనని అత్తయ్య. ఇద్దరూ నా వైపు తిరిగితే నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

ఆ బంతికి నేనూ ఋణపడి ఉన్నాను. మా నాన్న పోయిన ఏడాది నాకు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళని చూస్తే పారిపోవాలనిపించేది. సెలవు పెట్టి అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. పోయింది ఆవిడ తమ్ముడు కూడా. ఆవిడ నన్ను పట్టుకుని ఏడవలేదు. మధ్యాహ్నం బంతి వేశాక నా చేతికి ఉప్పు గిన్నె ఇచ్చి, "వెళ్ళు, వడ్డించు" అంది. ఉప్పు వడ్డించడం అంటే ప్రతి ఆకు దగ్గరా వంగాలి, ఒకచోట కుదురుగా చిటికెడు పెట్టాలి, తలెత్తి ఆ మనిషి మొహం చూడాలి. కొందరు చాలమ్మా అన్నారు, కొందరు నవ్వారు, ఒక ముసలాయన "బీపీ తల్లీ, చూపించి తీసుకుపో" అన్నారు. ఆ చివరికి వెళ్ళేసరికి నేను కూడా నవ్వుతున్నాననుకుంటాను. వెనక్కి తిరిగి చూస్తే, నా వెనకే నెయ్యి గిన్నెతో వస్తున్న అత్తయ్య కళ్ళు తుడుచుకుంటోంది. వడ్డన మాత్రం ఆపలేదు. ఆ సాయంత్రం నా చెప్పులు ఎక్కడ విడిచానో వెతుక్కోవాల్సి వచ్చింది.

కృతజ్ఞత అంతా చెప్పాక, నన్ను వదలని సంగతి కూడా చెప్పాలి. గోడ కట్టకముందు సాయంత్రాలు అత్తయ్య చోటు వసారాలో మూడో స్తంభం దగ్గర. మావయ్య ఉన్నప్పుడు ఇద్దరూ అక్కడే కూర్చునేవారు. పొద్దు గుంకాక అవతల కొవ్వూరు వైపు దీపాలు ఒకటొకటే వెలిగేదాకా మాట్లాడుకునేవారు కాదు. గోడ పడ్డాక ఆ స్తంభం మధ్య గదిలోకి పోయింది. ఆవిడ పీట హాల్లోకి వచ్చింది. ఆ గోడకే వీపు ఆనించి కూర్చోవడం మొదలుపెట్టింది, మొహం బంతి వైపు, వీపు నది వైపు. గట్టు మీదకి నడిచి వెళ్తే నది అక్కడే ఉంది. ఆవిడ వెళ్ళగా నేను చూడలేదు. నేను లేనప్పుడు వెళ్ళేదేమో.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "నది కనబడకుండా చేసుకున్నావు కదా అత్తయ్యా, బెంగ లేదా?"

"పైన వడియాలు ఎండాయేమో చూసిరా" అంది.

చూసొచ్చాను. ఎండలేదని చెప్పాను.

చివరి రెండు నెలలూ మంచం మీదే. మంచం హాల్లో, ఆ గోడ పక్కనే వేయించుకుంది. నది వైపు మధ్య గదిలోకి మారుస్తాను, కిటికీలోంచి చూస్తూ పడుకోవచ్చు అని బావ చాలాసార్లు బతిమాలాడు. "ఆ గది వచ్చినవాళ్ళది రా. నా మూలంగా ఒకళ్ళు వెనక్కి వెళ్ళిపోతారా?" అనేది. ఎప్పుడైనా అరచెయ్యి గోడకి ఆనించి పడుకునేది. గోడ చల్లగా ఉంటుందనేది. ఏసీ గది గోడ కాబట్టి చల్లగానే ఉంటుంది. నేను ఆ మాటని అంతవరకే తీసుకోవాలా, ఇంకేమైనా వెతకాలా, తెలీదు.

పన్నెండో రోజు అయ్యాక బావ నన్ను హాల్లోకి పిలిచాడు. అంత నెరిసిన మనిషి చిన్నపిల్లాడిలా ఉన్నాడు. "అమ్మ ఇన్నేళ్ళూ గోదారి చూడకుండా బతికిందే. చూడకుండానే పోయింది. నా గదుల కోసం" అన్నాడు.

"నీ కోసమే అని ఎందుకనుకుంటావు? తనే కట్టించింది కదా బావా."

"నేను రోజూ సతాయించకపోతే కట్టించేదా? నువ్వు చెప్పు."

అప్పటికే మేస్త్రీని పిలిపించాడు. మధ్య గది ఒకటి తీసేసి, అక్కడ గోడ కొట్టిస్తే, హాల్లోంచి మళ్ళీ నది కనబడుతుంది. అమ్మ పేరు మీద ఆ పని చేస్తానంటాడు. మేస్త్రీ గోడని తట్టి చూసి, ఎక్కడిదాకా కొట్టాలో సుద్దముక్కతో గుమ్మం ఆకారంలో గీత గీసి, "మీరు ఊ అంటే రేపే మొదలెడతానండి" అని వెళ్ళిపోయాడు. బావ ఊ అనడం నా మీద పెట్టాడు. "మా అందరిలోకీ అమ్మ మాటలు ఎక్కువ విన్నదానివి నువ్వే. కొట్టించనా, వద్దా? ఈసారి రెండూ చెప్పకు, ఒకటి చెప్పు."

ఆ రోజు పట్టాల వెనక మనుషులు దగ్గరకి జరగడం చూసి మనసారా మురిసి, నదికి బదులు మనుషుల్ని ఎంచుకుందా? లేక వంటింటివాళ్ళ కోసం, కొడుకు కోసం లొంగిపోయి, ఆ లొంగుబాటుకి ఒక మంచి మాట తొడిగి మాకు చూపించిందా? మొదటిదైతే గోడ కొడితే ఆవిడ మాట కొట్టినట్టు. రెండోదైతే కొట్టకపోవడం అన్యాయం. రెండూ కలిసి ఉండొచ్చని కూడా అనిపిస్తుంది, అప్పుడేం చేయాలో అసలే తోచదు. వింతేమిటంటే, గోడ కొడితే జనం మళ్ళీ నది వంకే చూస్తూ తింటారేమోనన్న భయం నాకు ఆవిడ గొంతుతోనే వినిపిస్తోంది. ఆ గొంతు ఆవిడదో నాదో చెప్పలేను.

నిన్న ఆదివారం మళ్ళీ వెళ్ళాను. గదులన్నీ నిండి ఉన్నాయి. బంతి వేశారు. గోడ పక్క వరసలో ఏలూరు నుంచి వచ్చినాయన ఒకరు, ఆవకాయ ఎక్కువ కలుపుకుని, పక్కవాళ్ళతో నవ్వుతూ, మాటిమాటికీ వెనక్కి వాలి గోడకి ఆనుకుంటున్నారు. బంతి లేచాక చూస్తే, ఆయన నీలం చొక్కా వీపు మీద సుద్దగీత నిలువునా తెల్లగా అచ్చుపడి ఉంది. గోడ మీద ఆ మేరకి చెరిగిపోయింది. ఆయన చెయ్యి కడుక్కుని, ఆ గీతతోనే మధ్య గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. బావ నా పక్కనే నిలబడి అదే చూస్తున్నాడు. నా జవాబు కోసం ఆగి ఉన్నాడని తెలుసు.